పుల్ల ఐసు మంచిదే, నీళ్లు ఎక్కడివి?



ఏప్రిల్ నెల వచ్చిందంటే మా పిల్లల వార్డులో తల్లులు అడిగే ప్రశ్న ఒకటే. "సిస్టరమ్మా, పిల్లగాడు ఐసు ఐసు అని ఒకటే ఏడుస్తున్నడు. ఇయ్యొచ్చునా?" పక్కనే కూర్చున్న నాయనమ్మ వెంటనే అందుకుంటుంది: "వద్దు బిడ్డా, సల్లటిది తింటే జరం తిరగబెడ్తది." మేము ఇద్దరి మాటా విని, ఎప్పుడూ ఒకటే జవాబు చెబుతాము. చల్లదనంతో మాకు పేచీ లేదు. ఆ ఐసు ఏ నీళ్లతో చేశారో చెప్పండి, అప్పుడు తినవచ్చునో లేదో చెబుతాము.

ఈ జవాబు మాకు పుస్తకంలో దొరకలేదు. దీని వెనుక మా ఇంటి కథ ఒకటి ఉన్నది.

మేము పుట్టి పెరిగింది బోధన్ శక్కర్‌నగర్‌లో. నిజాం పాలనలో 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీలో మా నాన్న పని చేసేవారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటిగా దానికి పేరుండేది. 2015 డిసెంబరులో అది మూతపడింది. ఇప్పుడు ఆ దారిన పోతే గుండె బరువెక్కుతుంది. మా చిన్నతనంలో మాత్రం చలికాలం నుండి వేసవి మొదటి దాకా చెరకు బండ్లు రోడ్డు పొడుగునా నిలబడేవి. గాలిలో మడ్డి వాసన. సైరన్ మోగితే ఇంట్లో గడియారం అక్కర ఉండేది కాదు. చెరకు ఆడడం అయిపోయి ఊరు కొంచెం చప్పబడే వేళకు ఎండలు ముదిరేవి, బడికి సెలవులు వచ్చేవి, దాని వెంటే ఐస్ చాచా సైకిలు వచ్చేది.

సైకిలు వెనుక చెక్క పెట్టె, లోపల గోనెసంచి, ఊక. పెట్టె మూత టక టక కొట్టేవాడు. ఎర్ర ఐసు, పచ్చ ఐసు పది పైసలు. పాల ఐసు ఇరవై. సేమియా ఐసు అంటే పండుగే. పైసలు లేకపోతే పాత సీసా ఇచ్చినా, ఇనుప ముక్క ఇచ్చినా తీసుకునేవాడు. ఐసు తిన్నాక నాలుక రంగు ఒకరికొకరం చూపించుకునేవాళ్లం. ఆ తీపి చక్కెరది కాదు, శాక్రీన్‌ది అని పెద్దవాళ్లు అనేవారు. చక్కెర పుట్టిన ఊళ్లో శాక్రీన్ ఐసు తిన్నామన్నమాట!

1979 వేసవిలో తమ్ముడికి జ్వరం పట్టుకున్నది. వాడికి ఆరేళ్లు, మాకు పది. మొదట ఎండదెబ్బ అన్నారు. తాయెత్తు కట్టారు. వారం దాటినా జ్వరం దిగలేదు, నాలుక మీద తెల్లగా పొర కట్టింది, పొట్ట ఉబ్బింది. చివరికి ఆసుపత్రిలో వేస్తే టైఫాయిడ్ అని తేలింది. రెండో వారం గడిచి మూడో వారం వచ్చినప్పుడు డాక్టరుగారు నాన్నను వరండాలోకి పిలిచి మెల్లగా ఏదో చెప్పారు. ఈ జ్వరంలో మూడో వారానికి పేగుకు రంధ్రం పడే ప్రమాదం ఉంటుందని తరువాత మేము చదువుకున్నాము. ఆ రోజు మాత్రం నాన్న గోడకు ఆనుకుని అలాగే కూలబడడం ఒక్కటే చూశాము. తమ్ముడు బతికాడు. జుట్టంతా ఊడి, కాళ్లు పుల్లలై ఇంటికి వచ్చాడు.

అమ్మ కోపమంతా ఐస్ చాచా మీద పడింది. ఆయన సైకిలు మా లైనులోకి రాగానే అందరి ముందు నానా మాటలు అన్నది. ఆయన ఒక్క మాట తిరిగి అనలేదు. మళ్లీ మా లైనుకు రాలేదు.

నర్సింగ్ డిప్లొమాలో చేరి, టైఫాయిడ్ పాఠం చదివినప్పుడు మాకు మొదట గుర్తొచ్చింది ఆ చాచా ముఖమే. క్రిమి కడుపులోకి పోయిన తరువాత జ్వరం రావడానికి మామూలుగా ఒకటి రెండు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అన్ని రోజుల్లో తమ్ముడు ఎన్ని చోట్ల నీళ్లు తాగాడో ఎవరికి తెలుసు? మా లైను మొత్తానికి ఒకటే నల్లా. దాని పక్కనే మోరీ. ఇంట్లో నీళ్లు కాచే అలవాటు అప్పుడు మాకు లేదు. జ్వరం ఐసు నుండి వచ్చిందో, మా సొంత కుండ నుండి వచ్చిందో ఇప్పుడు కూడా చెప్పలేము. చాచాకు ఈ సంగతి చెప్పే అవకాశం దొరకలేదు.

గడ్డకడితే క్రిములు చచ్చిపోతాయని చాలామంది అనుకుంటారు. చావవు. టైఫాయిడ్ క్రిమి, కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ వైరస్ మంచులో నిద్రపోయినట్టు ఉండి, కరగగానే లేస్తాయి. వాటిని చంపేది మంట. నీళ్లు సలసల మరిగిన తరువాత ఒక నిమిషం ఉంచి దించితే చాలు. హెపటైటిస్-ఎ విషయంలో ఇంకో చిక్కు ఉన్నది. అది బయటపడడానికి రెండు వారాల నుండి ఏడు వారాల దాకా, సగటున నాలుగు వారాలు పడుతుంది. మే నెలలో పెళ్లిలో తాగిన షర్బతు, జూన్‌లో బడి తెరిచాక పచ్చటి కళ్లై కనిపిస్తుంది. అప్పటికి ఆ షర్బతు ఎవరికీ గుర్తుండదు. అప్పుడు కొందరు పసరు మందుకు పోతారు, కంట్లో కూడా పోయించుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. కళ్లు పచ్చబడితే రక్త పరీక్షకు రండి. టైఫాయిడ్‌కు ఇప్పుడు మంచి టీకా ఉన్నది. హైదరాబాదు భారత్ బయోటెక్ వారి టీకాను ఆరు నెలల పసిబిడ్డ నుండే వేయవచ్చును. తమ్ముడి రోజుల్లో అది లేదు.

మన సంఘాల పెద్దలకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. వి.బి.ఎస్. రోజుల్లో పిల్లలకు షర్బతు పంచుతాము. నీళ్లు మంచివే తెస్తాము. తరువాత ఆటోలో గోనెపట్టా కప్పుకొని పెద్ద ఐసు గడ్డ వస్తుంది, దానిని చర్చి వెనుక బండ మీద సుత్తితో పగలగొట్టి డ్రమ్ములో వేస్తాము. ఆ గడ్డ చాలాసార్లు చేపలు, శవాలు చెడిపోకుండా పెట్టడానికి తయారుచేసినదే. బోధన్‌కు అవతలే ఉన్న మహారాష్ట్రలో 2018లో, తినడానికి పనికిరాని మంచుకు నీలి రంగు కలపాలని అధికారులు ఆదేశించారు, చూడగానే తెలియడానికి. తెల్లగా ఉన్న గడ్డను చూసి మాత్రం మనకేమీ తెలియదు. కాబట్టి కాచిన నీళ్లను రాత్రే కొత్త కుండల్లో పోసి, తడిగుడ్డ చుట్టి ఉంచండి. పిల్లలకు ఆ చల్లదనం చాలు.

ఇంట్లో చేసుకునే ఐసు మాకు నేర్పింది పక్క క్వార్టరులోని టీచరమ్మగారు. తమ్ముడు కోలుకున్న రెండేళ్లకు ఆమె ఫ్రిజ్ కొన్నారు. మా లైనులో అదే మొదటిది. సాయంత్రమైతే స్టీలు గ్లాసుల్లో మామిడిపండ్ల రసం పోసుకుని పిల్లలమంతా వరుసగా ఆమె గడప ముందు నిలబడేవాళ్లం. ఎవరి గ్లాసు ఎవరిదో తెలియడానికి దారం కట్టేవారు. మధ్యలో చీపురు పుల్ల గుచ్చేవాళ్లం! (ఇప్పుడు మా స్టూడెంట్లు అలా చేస్తే మేమే చీపురు తిరగేస్తాము. చెంచా పెట్టండి.) పుల్ల ఐసు పుట్టుకే పిల్లల చేతిలో జరిగిందని తరువాత చదివాము. 1905లో అమెరికాలో ఫ్రాంక్ ఎపర్సన్ అనే పదకొండేళ్ల అబ్బాయి సోడా పొడి కలిపిన నీళ్లలో కలిపే పుల్లను అలాగే వదిలి, చలి రాత్రి బయట మరిచిపోయాడట.

చేసే పద్ధతి చెబుతాము. ముందు చేతులు, తరువాత పండు కడగాలి. పుచ్చకాయ తోలు ఎవరు తింటారని కడగకుండా కోస్తే, పైనున్న మట్టిని కత్తే లోపలికి తీసుకుపోతుంది. రెండు పెద్ద మామిడిపండ్ల గుజ్జుకు అర గ్లాసు కాచి చల్లార్చిన పాలు లేక నీళ్లు, రెండు చెంచాల చక్కెర, చిటికెడు ఉప్పు. పుచ్చకాయకైతే నీళ్లే అక్కరలేదు, గింజలు తీసి చిదిమి నిమ్మరసం పిండితే చాలు. నోటికి కొంచెం ఎక్కువ తీపి అనిపించాలి, ఎందుకంటే చల్లబడితే నాలుకకు తీపి తక్కువ తెలుస్తుంది. గ్లాసు ముప్పావే నింపండి, నీళ్లు గడ్డకట్టేటప్పుడు పొంగుతాయి. గాజు గ్లాసు అయితే పగులుతుంది. సగం గడ్డకట్టాక చెంచా గుచ్చి రాత్రంతా ఉంచండి. తీసేటప్పుడు గ్లాసును మామూలు నీళ్లలో ఒక నిమిషం ముంచితే ఊడి వస్తుంది. కరెంటు పోయి పూర్తిగా కరిగిపోతే మళ్లీ గడ్డకట్టించకండి, అప్పుడే తాగేయండి.

మా వార్డులో ఇది మందులా కూడా పనికొస్తుంది. వాంతులు, విరేచనాలతో వచ్చిన పిల్లవాడు ఓ.ఆర్.ఎస్. నీళ్లు ఉమ్మేస్తుంటే, ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారమే కలిపి గడ్డకట్టించి, గీకి చెంచాతో కొద్దికొద్దిగా ఇస్తాము. కొందరు పిల్లలు దాన్ని సంతోషంగా చప్పరిస్తారు. నోరు పుండ్లతో అన్నం మింగలేని క్యాన్సర్ రోగులకు కూడా హాయిగా ఉంటుంది. చిన్నపిల్లలకు మాత్రం గట్టి ముక్క ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడుతుంది. షుగరు ఉన్నవారు చక్కెర లేకుండా పుచ్చకాయ, నిమ్మకాయలతో చేసుకుని, కొద్దిగా తినాలి. డయాలసిస్ చేయించుకునేవారు ఐసు కూడా నీళ్ల లెక్కలోకే వస్తుందని మరువవద్దు. పండ్ల సంగతి డాక్టరునే అడగాలి.

ఇక నాయనమ్మల మాటకొస్తే, జలుబును తెచ్చేది వైరస్, ఐసు కాదు. ఉబ్బసం ఉన్న పిల్లల్లో కొందరికి చల్లటిది తినగానే దగ్గు వస్తుంది. వాళ్లకు మానండి. మిగతా పిల్లలను ఎందుకు ఏడిపించడం?

తమ్ముడు ఇప్పుడు బోధన్‌లోనే ఉంటాడు, తాత కూడా అయ్యాడు. పోయిన మే నెలలో మనవడితో నిజామాబాదు వచ్చి, మేము చేసిన మామిడి ఐసులు నాలుగు తిన్నాడు. అమ్మకు ఎనభై దాటాయి, పళ్లు లేవు. ఆమె గ్లాసులో ఒకటి పెట్టి ఇస్తే, చేత్తో పట్టుకుని చాలాసేపు చూసింది.

"కాగబెట్టిన నీళ్లేనా బిడ్డా?" అన్నది.

అవునన్నాము. అప్పుడు తిన్నది.