రూమ్‌లో వండొద్దన్నారు.. తార్నాక వండిపెడుతోంది!

తార్నాక, హబ్సిగూడ గల్లీల్లో గేట్లకు వేలాడే టులెట్ బోర్డులు ఎప్పుడైనా తీరిగ్గా చదివారా? 'ఓన్లీ ఫ్యామిలీస్', 'ఓన్లీ వెజ్', 'నో బ్యాచిలర్స్'. బోర్డు మీద లేనివి ఫోన్ చేస్తే చెప్తారు. చేపలు వండొద్దు, పెద్దకూర అసలే వద్దు, పక్కింటికి వాసన రావొద్దు. మణిపూర్ నుంచో, కేరళ నుంచో, యెమెన్ నుంచో చదువుకోడానికి ఓయూకి, ఇఫ్లూకి వచ్చినవాళ్లకు తంటాలు పడితే రూమ్ దొరుకుతుంది. పొయ్యి మాత్రం దొరకదు.

మరి వాళ్లు ఏం తింటున్నారు? ఎక్కడ తింటున్నారు? మనమూ వెళ్లి కూర్చుంటే పెడతారా? ఇది తేల్చుకుందామని రెండు వారాల పాటు సాయంత్రాలన్నీ తార్నాక చౌరస్తా నుంచి క్యాంపస్ గేట్ల దాకా తిరిగా. రూల్ ఒక్కటే. పూటకు 150 రూపాయలు దాటకూడదు. నెలాఖరున స్టూడెంట్ జేబు అంతకుమించి సాగదు కదా.

ముందు ఏరియా గురించి రెండు ముక్కలు. తార్ అంటే తీగ, నాకా అంటే చెక్‌పోస్ట్. ముళ్లతీగ కంచె వేసిన ఒక తోట, దాని దగ్గరి నాకా, ఆ రెండూ కలిసి తార్నాక అయ్యిందని ఇక్కడి పాతవాళ్లు చెప్తారు. పక్కనున్న హబ్సిగూడ పేరులో హబ్షీలున్నారు. హబ్షీ అంటే అబిసీనియా మనిషి. అబిసీనియా అంటే ఇప్పటి ఇథియోపియా. నిజాం కొలువులో ఆఫ్రికా నుంచి వచ్చిన సిపాయిలు ఉండేవాళ్లు. అంటే ఈ దిక్కుకు బయటివాళ్లు రావడం మెట్రోతో మొదలైన ముచ్చట కాదన్నమాట. ఉస్మానియా 1918లో పుట్టింది. ఇఫ్లూ 1958లో, అప్పట్లో దాని పేరు సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్. అదే 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు మారి వచ్చిన పరిశోధనశాలే ఇవాళ మనం ఎన్‌ఐఎన్ అంటున్న జాతీయ పోషకాహార సంస్థ. రోజుకు ఎన్ని గ్రాముల పప్పు, ఎన్ని గ్రాముల కూరగాయలు తినాలో దేశం మొత్తానికి చెప్పే సంస్థ అది. దాని గోడ పక్క నుంచే ఎగ్ పఫ్ కొరుక్కుంటూ, అదే డిన్నర్ అనుకుంటూ నడిచిపోయేవాళ్లను రోజూ చూడొచ్చు.

బోర్డు లేని వంటిల్లు

మొదటి పూటకే లొకేషన్ పిన్ కావాల్సి వచ్చింది. బోర్డు లేదు, మెనూ కార్డు లేదు. నాలుగో అంతస్తు మీద పెంట్‌హౌస్, అంటే మన హైదరాబాద్ భాషలో టెర్రస్ మీద కట్టిన రెండు గదులు. ఒక గదిలో సంసారం, రెండో దాంట్లో గ్యాస్ పొయ్యి, రెండు ప్లాస్టిక్ టేబుళ్లు, ఎనిమిది కుర్చీలు. నడిపేది మణిపూర్ అక్క. ఎంఏ చదవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. పేరు, అడ్రస్ రాయొద్దంది. ఎందుకో ముందు ముందు మీకే అర్థమవుతుంది.

120 రూపాయలకు ప్లేట్ వచ్చింది. అన్నం, పల్చటి పప్పు, ఆకుకూర, ఒక ముద్ద ఎరోంబా. ఎరోంబా అంటే ఉడికించిన ఆలుగడ్డ, చిక్కుడు, ఎండుమిర్చి, దాంట్లో ఙారి వేసి మెదిపిన పచ్చడి లాంటిది. ఙారి అంటే పులియబెట్టిన చేప. వాసన గట్టిగానే ఉంటుంది, దాచేదేముంది! కానీ ఎండుచేపల పులుసు, ఎండు రొయ్యల పొడి తిని పెరిగిన ముక్కుకు ఇది కొత్త కాదు. రెండో ముద్దకే అలవాటైపోయింది. మూడో ముద్దకు ఇంకొంచెం అడిగా.

ఆకుకూర దగ్గర మాత్రం ఆగిపోయా. నోట్లో పెట్టగానే పులుపు. ఎక్కడో తెలిసిన పులుపు.

"అక్కా, ఇదేం ఆకు?"

"సౌగ్రి."

"అక్కా, ఇది గోంగూర!"

ఆమె నవ్వింది. "బండి దగ్గర గోంగూర అనే అడుగుతా తమ్ముడూ. మెట్లెక్కి పైకొచ్చాక సౌగ్రి అయిపోతది."

తెలుగు అచ్చం తార్నాక తెలుగే! అస్సాంలోనూ ఇదే ఆకును తెంగా మొరా అంటారట. గోంగూర మన ఒక్కరిదే అని కాలర్ ఎగరేసే ఫ్రెండ్స్ ఉంటే ఈ పేరా స్క్రీన్‌షాట్ తీసి పంపండి.

కారం సంగతీ చెప్పాలి. టేబుల్ మీద చిన్న సీసాలో రాజా మిర్చి పచ్చడి ఉంటుంది. నాగా మిర్చి, భూత్ జొలోకియా అన్నీ ఆ కుటుంబమే. 2007లో ప్రపంచంలోనే ఘాటైన మిర్చిగా గిన్నిస్ రికార్డు కొట్టింది. స్కోవిల్ అని ఘాటును కొలిచే లెక్క ఒకటుంది. దాంట్లో మన గుంటూరు సన్నం 40 వేల దగ్గర ఆగుతుంది, ఇది 10 లక్షలు దాటుతుంది. తర్వాత ఇంకా ఘాటైనవి వచ్చి దాన్ని వెనక్కి నెట్టాయి లెండి. 'మేం ఆంధ్రా మిర్చి తిన్నోళ్లం' అంటూ చెంచాతో తీసుకునేవాళ్లను చూసి అక్క ముందే పెరుగు గిన్నె తెచ్చిపెడుతుంది. ఆవగింజంత చాలు, నిజంగా!

ఇక వాసన గొడవ. ఇంతకుముందున్న ఫ్లాట్‌ను ఆమె ఈ ఙారి వల్లే ఖాళీ చేయాల్సి వచ్చింది. ఏదో డ్రైనేజీ పగిలిందని ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టారట, వెతుక్కుంటూ వెళ్తే ఆమె తలుపు దగ్గర తేలిందట. ఆమె నవ్వుతూనే చెప్పింది కానీ, అప్పుడు సెమిస్టర్ పరీక్షలు జరుగుతున్నాయి. వారంలో సామాను సర్దుకోవాల్సి వచ్చింది.

ఇది తార్నాక ఒక్కదాని కథ కాదు. 2007లో ఢిల్లీ పోలీసులు ఈశాన్య రాష్ట్రాల విద్యార్థుల కోసం ఒక బుక్‌లెట్ వేశారు. వెదురు పిలకలు, అఖునీ లాంటి వాసనొచ్చే వంటలతో ఇరుగుపొరుగును ఇబ్బంది పెట్టొద్దని అందులో సలహా! అఖునీ అంటే నాగాలాండ్‌లో పులియబెట్టి చేసే సోయా. ఢిల్లీలో అద్దెకుండే కుర్రాళ్లు ఫ్రెండ్ పెళ్లికి అది వండటానికి పడే తిప్పల మీదే 'ఆక్సోన్' సినిమా వచ్చింది. చూడకపోతే చూడండి, నవ్విస్తూనే గుచ్చుతుంది. వెదురు పిలకలు మన మన్యంలోనూ కూర వండుకుంటారు. అవి అక్కడ 'ట్రైబల్ స్పెషల్', ఇక్కడ అద్దె గదిలో అయితే కంప్లయింట్.

ఇప్పటి ఓనరమ్మ మంచావిడే. వండుకో అంది. కాగితం మీద మాత్రం రాసివ్వనంది. అసలు చిక్కంతా అక్కడే. డెలివరీ యాప్‌లో చేరాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ కావాలి. చిన్న వంటిళ్లకు ఆ రిజిస్ట్రేషన్ ఫీజు ఏడాదికి 100 రూపాయలే, పెద్ద భారం కాదు. కానీ వండే చోటు ఇదీ అని చూపించాలి. అద్దె ఇంట్లో అది చూపించాలంటే ఓనర్ ఒప్పుకోలు కావాలి. అందుకే ఆమె వ్యాపారం వాట్సాప్‌లోనే, నోటిమాట మీదే నడుస్తోంది. అద్దె అగ్రిమెంట్ 11 నెలలది, మార్చితో అయిపోతుంది. ఆ తర్వాత? "దేఖేంగే" అంది. ఆమె వంటిల్లు మూతపడితే క్యాంపస్ చుట్టూ ఉన్న ముప్పై, నలభై మంది పిల్లలకు ఇంటి ముద్ద ఆగిపోతుంది. ఆమెకు అద్దె డబ్బులూ ఆగిపోతాయి.

నలుగురు.. ఒక పళ్లెం

మండీకి ఒంటరిగా వెళ్తే బడ్జెట్ గల్లంతే. నలుగురు కావాలి. నలుగురికి సరిపడే చికెన్ మండీ పళ్లెం 580 పెట్టి తీసుకుంటే మనిషికి 145 పడింది. చెప్పులు విప్పి, నేల మీద పరుపుల మీద చుట్టూ కూర్చుని తినడం. పక్కవాడి వైపున్న ముక్క మీద చెయ్యి వేస్తే అక్కడే స్నేహం తెగిపోతుంది.

ఇది యెమెన్ వంట. నిజాం సైన్యంలో పనిచేయడానికి హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులు పాతబస్తీ అవతల ఉండిపోయారు. వాళ్ల బ్యారక్స్ పేరే బార్కస్ అయింది. ఆ బార్కస్ వంట గత పదీ పదిహేనేళ్లలో నగరమంతా పాకి మన చౌరస్తా దాకా వచ్చింది.

పక్క పళ్లెం దగ్గర ఓయూలో చదివే యెమెన్ కుర్రాడు, వాడి క్లాస్‌మేట్స్ కూర్చున్నారు. మాట కలిపా. సర్వర్ 'జ్యూసీ కావాలా, ఫ్రై కావాలా' అని అడగడం వాడికి ఇప్పటికీ నవ్వేనట. వాళ్ల దగ్గర మండీ అంటే గుంత పొయ్యిలో కింద బియ్యం, పైన మాంసం పెట్టి మూసేస్తారు. కొవ్వు కరిగి బొట్టుబొట్టుగా అన్నంలోకి దిగాలి. నూనెలో వేయించిన కోడిని అన్నం మీద పెట్టి మండీ అంటే వాళ్లమ్మ ఒప్పుకోదంటాడు. మయొనైజ్ సంగతి అడగనే అడగొద్దన్నాడు. వాళ్లకు పక్కన ఉండాల్సింది సహావిక్. అంటే టమాటా, పచ్చిమిర్చి, వెల్లుల్లి కలిపి నూరిన పచ్చడి. ఇంకేం, మన రోటి పచ్చడే!

నవ్వులయ్యాక అసలు సంగతి చెప్పాడు. 2014 నుంచి వాళ్ల దేశం యుద్ధంలో నలిగిపోతోంది. ఇంటి నుంచి డబ్బులు ఎప్పుడు వస్తాయో, అసలు వస్తాయో రావో తెలియదు. అందుకే నెలకు ఒక్కసారే ఈ మండీ. మిగతా శుక్రవారాలు పది మంది తలా కొంత వేసుకుని ఒకరి రూమ్‌లో వండుకుంటారు. ఏ రూమ్‌లో అన్నది వారం వారం మారుతుంది. ఒకే ఓనర్‌ను మాటిమాటికీ ఇబ్బంది పెట్టకూడదు కదా అన్నాడు. టులెట్ బోర్డు మర్యాదలు వాడు మనకంటే బాగా నేర్చుకున్నాడు.

పెద్దకూర మాట

బయటి నుంచి వచ్చినవాళ్ల గురించే మాట్లాడి ఊరుకుంటే సగం అబద్ధమే. పళ్లెం మీద పంచాయితీ మన మధ్యా ఉంది. హైదరాబాద్‌లో బోర్డు మీద 'కళ్యాణి బిర్యానీ' అని ఉంటే పెద్దకూర అని అర్థం. ఆ పేరు బీదర్ వైపు కళ్యాణి నవాబుల నుంచి వచ్చిందంటారు. నవాబుల పేరు పెట్టుకున్నా ఇది పేదోళ్ల బిర్యానీయే. టమాటా, ధనియాలు, జీలకర్ర, చిన్న చిన్న ముక్కలు. నేను తిన్నచోట ఫుల్ ప్లేట్ 110. మటన్ బిర్యానీ ధరలో సగం కూడా లేదు. కడుపు నిండా తిని సులేమానీ చాయ్ తాగినా 150 లోపే.

ఇదే కూర క్యాంపస్‌లో పెద్ద గొడవైంది. 2012 ఏప్రిల్ 15న ఓయూలో దళిత విద్యార్థి సంఘాలు బీఫ్ ఫెస్టివల్ పెట్టాయి. మా ఇళ్లలో తినే తిండి హాస్టల్ మెస్సులో ఎందుకుండదన్నది వాళ్ల ప్రశ్న. వ్యతిరేకించిన విద్యార్థులు అడ్డుకున్నారు, ఘర్షణ జరిగింది, పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు. 2015 డిసెంబర్‌లో మళ్లీ పెట్టాలనుకుంటే కోర్టు ఒప్పుకోలేదు. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం ఇంకా రాలేదు. ఎవరికి ఇష్టం లేకపోతే వాళ్లు తినకపోవచ్చు. పక్కవాడి పళ్లెం లాక్కునే హక్కు ఎక్కడిదో నాకైతే అర్థం కాదు. కళ్యాణి హోటల్లో నా ఎదురుగా కూర్చున్న తెలుగు కుర్రాడు పరీక్షల ప్రిపరేషన్‌లో ఉన్నాడు. రూమ్ దొరకడానికి 'వెజ్' అని చెప్పాడట. వారానికి ఒకసారి ఇక్కడ తిని, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని వెళ్తాడు.

మిగతావి గబగబా. మలయాళీ మెస్సులో పరోటా, గుడ్డు కూర 90. ఉదయం పుట్టు, కడల కూర దొరుకుతాయి, వేడిగా ఉన్నప్పుడే తినాలి. మోమోల బండ్లు చౌరస్తాలో చాలానే ఉన్నాయి, కానీ ఎర్ర చట్నీ తప్ప రుచిలో తేడా పెద్దగా కనపడలేదు. ఆవిరి ఎక్కువ వస్తున్న బండి దగ్గర ఆగండి, అంతే. ఇరానీ చాయ్‌ని ఈ లిస్టులో వేయాలా వద్దా అని కాసేపు తటపటాయించా. ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు పెట్టిన హోటళ్లవి. వచ్చి ఎంత కాలమైందో, మనం దాన్ని పరాయిదని అనుకోవడమే మానేశాం.

వెళ్లేవాళ్లకు ఒకట్రెండు మాటలు. మణిపూర్ అక్క నంబర్ ఇక్కడ ఇవ్వలేను. ఇఫ్లూ గేటు దగ్గర ఈశాన్య విద్యార్థులను మర్యాదగా అడిగితే వాళ్లే చెప్తారు. 'చైనా ఫుడ్డా?' అని మాత్రం అడక్కండి. మెట్ల మీద రీల్స్ తీయొద్దు, కింద ఓనరమ్మ టీవీ చూస్తుంటుంది. ఆదివారం ఎరోంబా కావాలంటే శనివారం రాత్రి 9 లోపు మెసేజ్ పెట్టాలి. ఇరవై ప్లేట్లే చేస్తుంది. పోయిన ఆదివారం నాకు "నెక్స్ట్ వీక్ తమ్ముడూ" అని రిప్లయ్ వచ్చింది. నాది ఇరవై ఒకటో మెసేజ్.