మోకాళ్ళ నొప్పి అని చెప్పాను

మన సంఘం ఉగాది కవి సమ్మేళనానికి 2023లోనూ 2024లోనూ నేను రాలేదు. ఎప్పుడూ ముందు వరసలో కూర్చుని ప్రతి పద్యానికీ తల ఊపే మనిషి ఏమైపోయాడని చాలామంది మిత్రులు ఫోన్లు చేశారు. అందరికీ ఒకటే జవాబు చెప్పాను: మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేకపోతున్నాను అని. ఒక మిత్రుడు పాపం తైలం సీసా కూడా పంపించాడు. ఆయనకు ముందుగా క్షమాపణ చెప్పుకుంటున్నాను. నా మోకాళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. నా ఇబ్బంది వేరు. నేను మూత్రం ఆపుకోలేకపోయేవాణ్ణి.

ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో ఈ గోలేమిటని ఎవరైనా అనుకోవచ్చు. ఇంటిల్లిపాదీ చదవాలనే ఇక్కడ రాస్తున్నాను.

కుళాయికి రెండు వాచర్లు

2021లో, నా 66వ ఏట, ప్రొస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ ఉందని తేలింది. ఇక్కడే చెన్నైలో ఆపరేషన్ చేసి గ్రంథిని పూర్తిగా తీసేశారు. క్యాన్సర్ బెడద వదిలింది. "ఆ తరవాత కొంతకాలం మూత్రం కారుతుంది సార్, చాలామందికి ఏడాదిలోపల సర్దుకుంటుంది, కొద్దిమందికి సర్దుకోదు" అని డాక్టరుగారు ముందే చెప్పారట. క్యాన్సర్ అన్న మాట చెవిన పడ్డాక మరే మాటా నా తలకెక్కలేదు. మా ఆవిడ గుర్తుచేస్తే తెలిసింది.

అసలు ఎందుకు కారుతుందో తరవాత ఆయనే తేలిగ్గా అర్థమయ్యేలా చెప్పారు. మగవాళ్ళకు మూత్రాశయం కిందనే ప్రొస్టేట్ గ్రంథి ఉంటుంది. మూత్రనాళం దాని మధ్యలోంచి దిగుతుంది. ఈ కుళాయికి వాచర్లు రెండు. పైది మూత్రాశయం మెడ దగ్గర, కిందిది గ్రంథికి దిగువన. గ్రంథిని తీసేటప్పుడు పైదాని పని పోతుంది. అప్పటినుంచి భారమంతా కింది కండరం మీదే. అది గట్టిగా ఉంటే సరే. నీరసించిందంటే దగ్గినా, తుమ్మినా, కుర్చీలోంచి లేచినా కారుతుంది.

2022 ఉగాదికి నేను వచ్చాను. మూడో కవిగారు చదువుతుండగా పక్కాయన ఏదో చమత్కారం విసిరితే అందరితోపాటు నేనూ పకపకా నవ్వాను. అంతే, పంచె తడిసింది. సభ ముగిసి హాలు ఖాళీ అయ్యేదాకా కుర్చీలోంచి లేవలేదు. కండువా నడుముకు చుట్టుకుని వెనక గుమ్మంలోంచి ఆటో ఎక్కాను. ఆ రోజే నాకు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి.

దాపరికం

అక్కణ్ణించి నా లోకం చిన్నదైపోయింది. మాంబళం నుంచి బీచ్ దాకా వెళ్ళే ఎలక్ట్రిక్ ట్రైన్‌లో బాత్‌రూమ్ ఉండదు గనక అది మానేశాను. ఉస్మాన్ రోడ్డులో ఏ బట్టలకొట్టు ఏ అంతస్తులో బాత్‌రూమ్ ఉందో నాకు కంఠతా వచ్చు. పనగల్ పార్కు షికారు పోయింది. తిరుమల క్యూ అన్న ఆలోచనే పోయింది. నీళ్ళు తాగడం తగ్గించాను. అది శుద్ధ తప్పు. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని మరింత రేపుతుంది. మన మద్రాసు ఎండల్లో ఇంకా ప్రమాదం.

తెల్లవారుజామున నాలుగింటికి లేచి నా పంచెలు నేనే ఉతుక్కునేవాణ్ణి. నలభై ఏళ్ళ సంసారంలో ఒక్క చేతిరుమాలు ఉతికిన మొగుణ్ణి కాను. ప్యాడ్లు మా వీధిలో కాకుండా కోడంబాక్కం దాకా వెళ్ళి కొనుక్కొచ్చేవాణ్ణి. వాడినవాటిని పాత పేపర్లో చుట్టి, సంచిలో పెట్టుకుని, వీధి చివర చెత్తకుండీలో పడేసేవాణ్ణి.

2024 జనవరిలో బెంగుళూరులో మా మనవరాలి మొదటి పుట్టినరోజు వచ్చింది. నేను రానన్నాను. రైల్లో ఐదారు గంటలు, ఆపైన కొత్త పరుపులు, ఇంటినిండా బంధువులు. మా ఆవిడకు కోపం వచ్చింది. మాటా మాటా పెరిగింది. చివరికి ఆమె నెమ్మదిగా అంది:

"ఏమండీ, పంచెలు మీరే ఉతుక్కుంటుంటే నాకు తెలీదనుకున్నారా? మీరు బాధపడతారని అడగలేదు."

ఏడాదిన్నరగా ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని నాకు తెలియదు. ఒకే కప్పు కింద ఇద్దరం ఒకరికొకరం ఒకే సంగతి దాచుకుంటున్నాం. ఆ మర్నాడే మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ఈసారి మాట్లాడింది ఆమె.

ముందు వ్యాయామం, తరవాతే కత్తి

డాక్టరుగారు వెంటనే ఆపరేషన్ అనలేదు. "వ్యాయామాలు చేస్తున్నారా సార్?" అని అడిగారు. రెండు వారాలు చేసి మానేశానని ఒప్పుకున్నాను. ఇవి ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ వైద్యుడు 1948లో ప్రచురించిన వ్యాయామాలు. నిజానికి ప్రసవం తరవాత ఇదే ఇబ్బంది పడే ఆడవాళ్ళ కోసం ఆయన చెప్పినవి. అపానవాయువు బయటికి పోకుండా బిగబట్టినట్టు కింది కండరాన్ని బిగించాలి, ఐదు సెకన్లు ఉంచాలి, వదలాలి. ఊపిరి మాత్రం బిగబట్టకూడదు. పదేసిసార్లు చొప్పున రోజుకు మూడు విడతలు. ఈసారి మూడు నెలలు నిష్ఠగా చేశాను. కొంత తగ్గింది గాని, రోజుకు ఐదు ప్యాడ్లు మూడున్నరకు దిగాయి, అంతే. ఆపరేషన్ జరిగి అప్పటికి రెండున్నరేళ్ళు దాటింది. ఇక దానంతటది సర్దుకునే ఆశ లేదన్నారు.

ఆ తరవాత పరీక్షలు. మూడు రోజులపాటు ప్యాడ్లు తూచి రాసుకురమ్మన్నారు. పొడి ప్యాడ్ బరువు తీసేస్తే ఎంత కారుతోందో తెలుస్తుంది. మా ఆవిడ దీనికోసం విడిగా ఒక చిన్న త్రాసు కొనిపెట్టింది. సన్నని గొట్టంతో మూత్రనాళం లోపల చూసి ఎక్కడా మచ్చకట్టి ఇరుకైపోలేదని నిర్ధారణ చేసుకున్నారు. మూత్రాశయం ఎంత పడుతుందో, ఎంత ఒత్తిడికి ఎలా ప్రవర్తిస్తుందో మరో పరీక్షలో కొలిచారు. ఇది ముఖ్యం. కొందరికి కింది కండరం బాగానే ఉంటుంది గాని మూత్రాశయమే తొందరపడుతుంది. అలాంటివాళ్ళకు మొదట మందులు ఇస్తారు, ఈ ఆపరేషన్ కాదు.

ఆపరేషన్లు ముఖ్యంగా రెండు రకాలు. తక్కువగా కారేవాళ్ళకు మూత్రనాళం కింద ఊయలలాగా ఒక పట్టీ వేసి ఎత్తి పెడతారు. ఎక్కువగా కారేవాళ్ళకు కృత్రిమ కవాటం అమరుస్తారు. నాకు రెండోది చెప్పారు. దీన్ని 1972లో మొదటగా మనిషికి అమర్చింది అమెరికాలో హ్యూస్టన్ నగరపు వైద్యుడు బ్రాంట్లీ స్కాట్. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపం దాదాపుగా 1983 నాటిదే. మూడు భాగాలు: మూత్రనాళం చుట్టూ ఒక పట్టీ, పొత్తికడుపులో ఒక బుడగ, వృషణాల తిత్తిలో ఒక చిన్న పంపు. వీటిలో ద్రవం నింపి సన్నని గొట్టాలతో కలుపుతారు. మామూలుగా పట్టీ నాళాన్ని నొక్కి మూసి ఉంచుతుంది. ఒంటికి పోవాలనుకున్నప్పుడు పంపును వేళ్ళతో నొక్కితే పట్టీలోని ద్రవం బుడగలోకి పోయి దారి తెరుచుకుంటుంది. రెండు మూడు నిమిషాల్లో దానంతటదే మళ్ళీ మూసుకుంటుంది. బ్యాటరీ లేదు, కరెంటు లేదు.

డాక్టరుగారు నమూనా పంపు ఒకటి నా చేతికిచ్చి నొక్కమన్నారు. వేళ్ళలో బలం లేనివాళ్ళకూ, మతిమరుపు వచ్చినవాళ్ళకూ ఇది పనికిరాదట. ఖర్చు లక్షల్లో ఉంటుంది. ఇన్సూరెన్సు ఉన్నవాళ్ళు పరికరం ఖర్చు ఎంతవరకు ఇస్తారో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. మేము అలాగే చేశాం. మిగిలింది మా అబ్బాయి సర్దాడు.

సిద్ధం కావడం

ఈ ఆపరేషన్‌కు పెద్ద శత్రువు చీము పట్టడం. పరికరానికి చీము పడితే మొత్తం బయటికి తీసెయ్యవలసిందే. అందుకని ముందు మూత్రంలో క్రిములు లేవని పరీక్ష చేశారు. నా షుగరు అదుపులోకి వచ్చేదాకా ఆరు వారాలు ఆగారు. తడికి తొడలు ఒరుసుకుని పుండ్లు పడ్డాయి, అవి పూర్తిగా మానాలన్నారు. రక్తం పలచబడడానికి వేసుకునే మాత్ర ఎప్పుడు ఆపాలో వాళ్ళే తారీఖు వేసి ఇచ్చారు. ఇలాంటివి సొంతంగా ఆపకూడదు. ముందురోజు రాత్రీ, ఆ రోజు పొద్దున్నా మందు సబ్బుతో స్నానం. చర్మం గాట్లు పడుతుందని ఇంట్లో షేవింగు వద్దన్నారు.

ఇంట్లో మా ఆవిడ చేసిన ఏర్పాట్లు వేరు. నేల మీద పీట తీసేసి భోజనం బల్ల మీదికి మార్చింది. నా బట్టల్ని నడుమెత్తు అరలోకి దించింది. ముక్కవలసిన అవసరం రాకుండా మలబద్ధకానికి బొప్పాయి, ఆకుకూరలు సిద్ధం చేసింది.

ఆరు వారాల పరీక్ష

2024 జులైలో ఆపరేషన్ జరిగింది. కోతలు రెండే, చిన్నవి. ఒకటి పొత్తికడుపు మీద, ఒకటి కాళ్ళ మధ్య. మర్నాడు గొట్టం తీశారు, ఆ మర్నాడు ఇంటికి పంపించారు. నొప్పి భరించగలిగినంతే గాని, తిత్తి వాచి కూర్చోవడం కష్టమైంది. గుడ్డలో చుట్టిన ఐసు, బిగువైన లోదుస్తు, చెప్పినన్నాళ్ళూ మాత్రలు. ఆరు వారాలు బరువులెత్తకూడదు, స్కూటరు ఎక్కకూడదు. నీళ్ళ బిందె మా ఆవిడ ఎత్తుతుంటే చూస్తూ కూర్చోవడం అలవాటులేని పని.

అసలు కష్టం ఇదేదీ కాదు. ఆ ఆరు వారాలూ పరికరాన్ని పని చెయ్యనివ్వరు. లోపల గాయం మానేదాకా పట్టీని తెరిచే ఉంచుతారు. అంటే ఎప్పటిలాగే కారుతూనే ఉంటుంది. ముందే చెప్పినా, ఇన్ని లక్షలు పోసి మళ్ళీ అవే ప్యాడ్లా అని ఒక రాత్రి నాకు దుఃఖం వచ్చింది. "క్యాలెండర్ చూడండి, ఇంకా పంతొమ్మిది రోజులుంది" అని మా ఆవిడ లైటు ఆర్పేసింది.

సెప్టెంబరులో పంపును పనిలో పెట్టారు. మొదటిరోజు వేళ్ళకు అందక కంగారుపడ్డాను. వారానికి చెయ్యి తిరిగింది. పూర్తిగా పొడిగా ఉన్నానని చెప్పను. పెద్దగా తుమ్మితే రెండు చుక్కలు పడతాయి. బయటికి వెళ్ళేటప్పుడు ఒక పల్చని ప్యాడ్ పెట్టుకుంటాను. మూడున్నర ప్యాడ్లు ఎక్కడ, ఇది ఎక్కడ!

జాగ్రత్తలు జీవితాంతం ఉంటాయి. నా పర్సులో ఒక కార్డు ఉంటుంది. ఏ ఆసుపత్రిలోనైనా మూత్రానికి గొట్టం వెయ్యవలసి వస్తే ముందు ఈ పరికరాన్ని తెరిచి ఆపాలి. లేకపోతే నాళం దెబ్బతింటుంది. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ నేర్పించాను, ఎందుకంటే ఆ సమయానికి నేను చెప్పే స్థితిలో ఉండకపోవచ్చు. పరికరం కలకాలం ఉండదు. కొన్నేళ్ళకు అరిగి మార్చవలసి రావచ్చు. జ్వరం వచ్చినా, తిత్తి ఎర్రబడినా, రక్తం కనపడినా వెంటనే పరుగెత్తాలి.

ఒక మనవి

2025 ఉగాదికి మళ్ళీ ముందు వరసలో కూర్చున్నాను. చివరి కవిగారి దాకా ఉన్నాను, నవ్వవలసిన చోటల్లా నవ్వాను. సభ అయ్యాక పులిహోర పొట్లం పట్టుకుని నిలబడి ఉంటే, నాకంటే పెద్దాయన ఒకరు మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగారు. ఏమనుకున్నానో ఏమో, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన అటూ ఇటూ చూసి, నా మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళారు. "నాకు ఐదేళ్ళుగా ఇదే వరసండీ. ఇంట్లో చెప్పలేదు" అన్నారు. ఆ వారమే ఆయన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయనకు మందులతోనే చాలావరకు తగ్గింది. ఐదేళ్ళు!

అందుకే ఈ వ్యాసం. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నట్టుండి పెళ్ళిళ్ళకూ ప్రయాణాలకూ రామంటుంటే మోకాళ్ళని నమ్మెయ్యకండి. నెమ్మదిగా అడగండి. ముందు అడగవలసింది ఇంట్లోవాళ్ళే, ఎందుకంటే మేము చెప్పం.

సంఘం కార్యదర్శిగారికి ఒక చిన్న విన్నపం. మన హాలులో మగవాళ్ళ బాత్‌రూములో మూత ఉన్న చెత్తబుట్ట ఒకటి పెట్టించండి. దాని ఖర్చు నేను ఇస్తాను. అది ఉంటే వచ్చే ఉగాదికి ముందు వరసలో ఇంకో ఇద్దరు ముగ్గురు కనపడతారని నా నమ్మకం.