ట్రాక్టర్ ఆయిలు... కారుకి పడుతుందా?

పాత పెట్రోలు కారు ఆయిలు తాగుతోందంటే చాలామంది చేసే మొదటి పని- ట్రాక్టర్ కోసం తెచ్చిన చిక్కటి డీజిల్ ఇంజిన్ ఆయిల్ పోసేయడం. అది మందా... మత్తా? తెలియాలంటే డబ్బా వెనకున్న రెండక్షరాలు చదవాలి!

వేసవి వచ్చిందంటే నూజివీడులో బండికి విశ్రాంతి ఉండదు. కోతలు మొదలైన దగ్గర్నుంచి తోటకీ ఇంటికీ మార్కెట్టుకీ తిరగడమే పని. బంగినపల్లి కాయలు ట్రాక్టర్లూ మినీ వ్యాన్లూ ఎక్కుతాయి. కూలీలకు భోజనం క్యారేజీలూ, చుట్టాలకు పంపే చిన్నరసాల బుట్టలూ మాత్రం కారు డిక్కీలోకే. ఆ కారు కొత్తదే కానక్కర్లేదు. ఏ మారుతి 800నో, ఓమ్నీనో, అంబాసిడరో అయ్యుండొచ్చు. లక్షన్నర కిలోమీటర్లు ఎప్పుడో దాటేసి ఉంటుంది. వెయ్యి కిలోమీటర్లు తిరిగేసరికి గేజి మీద ఆయిలు సగానికి దిగిపోతుంటుంది. షెడ్డులో చూస్తే ట్రాక్టర్‌కి వాడే డీజిల్ ఇంజిన్ ఆయిల్ బకెట్ సిద్ధంగా ఉంటుంది. 'ఆయిలు ఆయిలే కదా' అనుకుని ఓ లీటరు పోసేస్తారు. విచిత్రమేంటంటే... చాలాసార్లు బండి మునుపటికన్నా నెమ్మదిగా, చప్పుడు లేకుండా నడుస్తుంది. పొగ కూడా తగ్గినట్టే అనిపిస్తుంది.

మరి పోయడం మంచిదేనా? కొన్ని బండ్లకు అవును, కొన్నింటికి కానే కాదు. ఏది ఏ కోవలోకి వస్తుందో తెలియకపోతే మిగిల్చిన నాలుగొందల కోసం వేలు వదులుకోవాల్సి వస్తుంది.

ఎందుకంత చిక్కన?

ఇంజిన్ ఆయిల్ పని ఒక్క రాపిడి తగ్గించడమే కాదు. వేడిని లాగేయాలి, మసి కడిగేయాలి, పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య సందు మూయాలి, తుప్పు పట్టకుండా చూడాలి. పెట్రోలు ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ నిప్పు రాజేస్తుంది. డీజిల్‌లో ప్లగ్ ఉండదు. గాలిని విపరీతంగా నొక్కేసి, ఆ వేడికే ఇంధనం మండేలా చేస్తారు. అందుకే అక్కడ ఒత్తిడి ఎక్కువ, మసీ ఎక్కువే. ఒకప్పుడు డీజిల్‌లో గంధకం కూడా దండిగా ఉండేది. 1996కు ముందు మన దేశంలో అమ్మిన డీజిల్‌లో అది ఒక శాతం దాకా ఉండేది. మండినప్పుడు అది ఆమ్లంగా మారి లోహాన్ని తినేసేది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక గంధకం పది లక్షల్లో పది భాగాలకు దిగింది.

ఆ ఆమ్లాన్ని విరిచేందుకు క్షారగుణమున్న పదార్థాలూ, మసిని గడ్డకట్టనివ్వకుండా ఆయిల్లోనే తేలేలా చేసే రసాయనాలూ డీజిల్ ఆయిల్లో ఎక్కువ కలుపుతారు. వీటికి తోడు జింకు, భాస్వరం కలిసిన జెడ్‌డీడీపీ అనే పదార్థం ఉంటుంది. లోహం లోహాన్ని ఒరుసుకునే చోట అది పలుచటి పొరలా ఏర్పడి అరుగుదలను ఆపుతుంది.

పాత బండికి కలిసొచ్చేది ఇక్కడే. 1950ల నాటి డిజైనుతో వచ్చిన అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజిన్‌నే తీసుకోండి. అందులో క్యామ్ షాఫ్ట్ మీద ట్యాపెట్లు నేరుగా ఒరుసుకుంటూ తిరుగుతాయి. అలాంటి చోట జింకు పొర మేలు చేస్తుంది. కొత్త పెట్రోలు ఆయిళ్లలో ఆ పాళ్లు తగ్గించేశారు. కాబట్టి పాత అంబాసిడర్‌కి డీజిల్ ఆయిల్ పోసే మెకానిక్కుది వట్టి మూఢనమ్మకమేం కాదు.

తగ్గించడం దేనికి?

పొగ గొట్టంలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ కోసం! విషవాయువుల్ని శుద్ధిచేసే ఈ పరికరాన్ని మన దేశంలో 1995 ఏప్రిల్‌లో మొదట నాలుగు మహానగరాల్లో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు తప్పనిసరి చేశారు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మడంతో మిగతా ఊళ్లకూ దారి తెరుచుకుంది. ఆ తర్వాత ఎంపీఎఫ్ఐ ఇంజిన్లతో వచ్చిన కార్లలో ఇది మామూలైపోయింది.

ఇంజిన్ ఆయిలు తాగుతోందంటే దానర్థం అందులోని భాస్వరం కూడా మండి పొగ గొట్టంలోకి పోతోందని. అది కన్వర్టర్ లోపలున్న ప్లాటినం, పల్లాడియం లాంటి లోహాల మీద పూతలా పేరుకుంటుంది. క్రమంగా కన్వర్టర్ పనిచేయడం మానేస్తుంది. ఆక్సిజన్ సెన్సరూ దెబ్బతింటుంది. ఇది ఒక్క రోజులో జరగదు, అందుకే ఎవరికీ తెలియదు. ఆయిలు ఎంత ఎక్కువ తాగే బండైతే నష్టం అంత త్వరగా వస్తుంది. అంటే డీజిల్ ఆయిల్ ఎవరికి కావాలనిపిస్తుందో వాళ్ల బండికే ఎక్కువ ముప్పన్నమాట. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకి మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించేటప్పుడు తనిఖీ ఉంటుంది, కాలుష్య పరీక్ష ఎలాగూ తప్పదు. అసలు సంగతి అప్పుడు బయటపడుతుంది. కన్వర్టర్ మార్చాలంటే ఆయిల్ డబ్బాలు ఎన్నో కొనగలిగినంత ఖర్చు!

రెండక్షరాల రహస్యం

ఏ ఆయిల్ డబ్బా మీదైనా అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ గ్రేడు ఉంటుంది. 'ఏపీఐ' అన్న మాట పక్కన రెండక్షరాలు చూడండి. మొదటిది 'ఎస్' అయితే పెట్రోలు ఇంజిన్లకు. 'సి' అయితే డీజిల్‌కు. రెండో అక్షరం ముందుకెళ్లేకొద్దీ కొత్త తరం. ఎస్ఎల్ 2001లో, ఎస్ఎం 2004లో, ఎస్ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. డీజిల్‌లో సీఐ-4 2002లో, సీకే-4 2016లో వచ్చాయి.

కొన్ని డబ్బాల మీద 'సీఐ-4/ఎస్ఎల్' అని రెండూ ఉంటాయి. అంటే ఆ ఆయిలు డీజిల్ పరీక్షతోపాటు పెట్రోలు పరీక్షా పాసైందని అర్థం. కన్వర్టర్ లేని కార్బొరేటర్ బండికి డీజిల్ ఆయిల్ పోయాలనుకుంటే ఇలాంటిదే వెతకాలి. 'సి' ఒక్కటే ఉంటే పక్కన పెట్టేయండి.

ఇక 15డబ్ల్యూ-40 లాంటి అంకెలు చిక్కదనాన్ని చెబుతాయి. 'డబ్ల్యూ' ముందున్నది చలిలో ఎంత తేలిగ్గా పారుతుందో, వెనకున్నది ఇంజిన్ వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. నూజివీడు చలికి 15 అన్న అంకె పెద్ద అడ్డంకి కాదు. మే నెల ఎండలకు 40 చిక్కదనం పాత ఇంజిన్‌కి బాగానే ఉంటుంది. కానీ 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 వాడమని కంపెనీ చెప్పిన కొత్త కార్లకు ఇదే చిక్కదనం బరువవుతుంది. వాటి సన్నటి దారుల్లోకి ఆయిలు ఆలస్యంగా చేరుతుంది. వాల్వుల టైమింగ్‌ని ఆయిల్ ఒత్తిడితోనే మార్చే ఇంజిన్లలో ఇంకా ఇబ్బంది. టర్బో పెట్రోలు కార్లయితే అసలు వద్దు. కాల్షియం పాళ్లు ఎక్కువున్న ఆయిలు వల్ల కొన్ని టర్బో ఇంజిన్లలో ఇంధనం వేళకు ముందే మండి పిస్టన్లు పగిలే ప్రమాదముంది. ఎస్‌పీ గ్రేడులో దానికోసమే ప్రత్యేక పరీక్ష పెట్టారు.

పొగే చెబుతుంది

చిక్కటి ఆయిలు అరిగిన ఇంజిన్‌ని బాగుచేయదు. జ్వరానికి దుప్పటి కప్పినట్టు, లోపాన్ని కాస్త కప్పిపెడుతుందంతే. అసలు జబ్బేంటో పొగ గొట్టమే చెబుతుంది.

పొద్దున్నే స్టార్ట్ చేయగానే నీలం పొగ బుస్సున వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయని అనుమానించాలి. అది చిన్న రిపేరే. ఎక్స్‌లరేటర్ తొక్కినప్పుడల్లా నీలం పొగ వస్తుంటే పిస్టన్ రింగులు అరిగుండొచ్చు. అది ఇంజిన్ విప్పే పని. నల్లటి పొగైతే పెట్రోలు ఎక్కువ మండుతోంది. తెల్లటి పొగ ఆగకుండా వస్తూ రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ చూపించుకోవాలి. ఈ చివరి రెండింటికీ ఏ ఆయిలు పోసినా ప్రయోజనం ఉండదు.

పాత కారు కొనేవాళ్లకు ఇదే పెద్ద పాఠం. అమ్మేముందు చిక్కటి ఆయిలు పోసి చప్పుడూ పొగా అణిచేయడం కొత్త విద్యేం కాదు. అందుకే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే బేరానికి వెళ్లాలి. మొదటి స్టార్టింగ్ మీ కళ్లముందే జరగాలి.

పోసే ముందు...

* ముందు కంపెనీ ఇచ్చిన పుస్తకం చూడాలి. అందులో చెప్పిన చిక్కదనం, గ్రేడే మొదటి మాట.
* ఏళ్ల తరబడి మడ్డి పేరుకున్న ఇంజిన్‌లో డీజిల్ ఆయిలు పోస్తే ఆ మడ్డి ఊడి పంపు జల్లెడకి అడ్డం పడొచ్చు. అందుకని ఫిల్టర్ కొత్తది వేయాలి. మొదటి విడత ఆయిలు త్వరగా మార్చేయాలి.
* పోసిన కొద్ది రోజులకే ఆయిలు నల్లబడితే కంగారొద్దు. మసిని కడిగి తనలో కలుపుకుంటోందన్నమాట. ఆయిల్ లైటు వెలిగితే మాత్రం వెంటనే బండి ఆపాలి.
* ట్రాక్టర్ గేర్ బాక్స్‌కీ హైడ్రాలిక్స్‌కీ పోసే ఆయిలు వేరు. పొరపాటున కూడా అది కారు ఇంజిన్‌లోకి వెళ్లకూడదు.
* తీసేసిన ఆయిలు ప్రమాదకర వ్యర్థం. చెట్ల మొదళ్లలోనో కాల్వలోనో పారబోయకుండా సేకరించేవాళ్లకు ఇవ్వాలి.

మారుతి 800, అంబాసిడర్... రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. ఓమ్నీ 2019లో సెలవు తీసుకుంది. ఉన్నవాటిని కాపాడుకోవడమే మిగిలింది. తొడిమ చూసి కాయ ముదిరిందో లేదో చెప్పేసే ఊరు నూజివీడు. డబ్బా వెనక రెండక్షరాలు చూడటం ఆ ఊరికో లెక్కా!