బొద్దుగా ఉంటే ఆరోగ్యమేనా?

"ఆరోగ్యమే మహాభాగ్యం" అన్నారు పెద్దలు. అయితే లావుగా ఉండటమే ఆరోగ్యమని మనలో చాలామంది అనుకుంటారు. గత ఏడాది వేసవి సెలవులకు ఇంటికి వెళ్ళేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

మా తమ్ముడికి తొమ్మిదేళ్ళు. ఆ సెలవుల్లో ఒకరోజు వీధిలో పిల్లలతో పరుగు పందెం పెట్టుకుని సగం దూరంలోనే ఆయాసంతో కూర్చుండిపోయాడు. తోటి పిల్లలు "డ్రమ్ము" అని వెక్కిరించారు. వాడు ఏడుస్తూ ఇంటికి వచ్చాడు. "నా మనవడు కంటికి నిండుగా ఉన్నాడని దిష్టి పెడుతున్నారు" అంటూ అమ్మమ్మ వాళ్ళను తిట్టి, కొంగుముడి విప్పి, చిప్స్ కొనుక్కోమని పది రూపాయలు ఇచ్చింది.

మా నాన్న ఆటో నడుపుతారు. అమ్మ కూలికి వెళ్తుంది. చిప్స్ వద్దని నేను అంటే నాన్న, "మా చిన్నతనంలో కడుపునిండా తిన్న రోజులు తక్కువ. వాడినైనా తిననీ తల్లీ" అన్నారు. ఆ మాటలో ఉన్నది ప్రేమే. కానీ ఆ ప్రేమ ప్యాకెట్లుగా, సీసాలుగా ఇంటికి వస్తోంది. చివరకు నేను పట్టుబడితే తమ్ముణ్ణి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళారు. అక్కడ డాక్టరు గారు చెప్పినవి, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నవి మీకోసం రాస్తున్నాను.

ఊబకాయం అంటే ఏమిటి?

మనం ఖర్చు చేసే శక్తి కన్నా ఆహారం ద్వారా వచ్చే శక్తి ఎక్కువైతే, మిగిలినది కొవ్వుగా నిల్వ ఉంటుంది. అది ఆరోగ్యానికి హాని చేసేంతగా పెరిగితే ఊబకాయం అంటారు. పెద్దవాళ్ళకు బరువు, ఎత్తు లెక్కగట్టి చెబుతారు. ఎదిగే పిల్లలకు వయసు, ఆడపిల్లా మగపిల్లవాడా అన్నది కూడా చూసి పట్టికలతో పోల్చాలి. కాబట్టి కంటితో చూసి తేల్చకూడదు.

ఇది ధనవంతుల పిల్లలకే వస్తుందా?

కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో అధిక బరువు ఉన్నవారు 2015-16లో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం. అదే 2019-21 సర్వేలో తక్కువ బరువు ఉన్నవారు 32.1 శాతం. అంటే పాత కష్టం తీరకుండానే కొత్తది వచ్చిపడింది. ఐదు రూపాయల ప్యాకెట్ ప్రతి పల్లెలోని కిరాణా కొట్టులోనూ వేలాడుతోంది కదా!

కారణాలు, నష్టాలు

మామూలు కూల్‌డ్రింకు 250 మిల్లీలీటర్లు తాగితే దాదాపు ఐదు టీస్పూన్ల చక్కెర తిన్నట్టే. ఒక గ్రాము పిండిపదార్థం 4 కేలరీలు ఇస్తే, ఒక గ్రాము నూనె 9 కేలరీలు ఇస్తుంది. అందుకే నూనెలో వేగినవి కొద్దిగా తిన్నా ఎక్కువ కేలరీలు వస్తాయి. గంటల తరబడి టీవీ, సెల్‌ఫోన్ చూడటం, నిద్ర చాలకపోవడం కూడా కారణాలే. అరుదుగా హార్మోన్ల లోపం వల్ల కూడా రావచ్చు.

దీనివల్ల చిన్న వయసులోనే మధుమేహం, రక్తపోటు, కాలేయంలో కొవ్వు, మోకాళ్ళ నొప్పులు వచ్చే ప్రమాదం ఉంది. వెక్కిరింతల వల్ల మనసు గాయపడటం మరో నష్టం.

ఇంటిల్లిపాదీ చేయవలసినవి

1. ఒక్క పిల్లవాడికే పథ్యం పెట్టకూడదు. ఇంట్లో అందరూ ఒకే మంచి తిండి తినాలి. నాన్న చేతిలో కూల్‌డ్రింకు ఉంచుకుని కొడుకును వద్దంటే వాడు వినడు.
2. కంచంలో అన్నం కొంత తగ్గించి పప్పు, ఆకుకూర, కూరగాయలు, గుడ్డు పెంచాలి. జొన్నరొట్టె, రాగిజావ మంచివి.
3. చిరుతిండికి జామకాయ, వేయించిన శనగలు, ఉడికించిన పల్లీలు ఇవ్వాలి. దాహానికి మంచినీళ్ళు, మజ్జిగ చాలు.
4. టీవీ ముందు అన్నం తినకూడదు. ఎంత తిన్నామో తెలియదు.
5. 5 నుండి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా చురుకుగా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కబడ్డీ, ఖోఖో, తాడాట, సైకిల్ ఏదైనా సరే.
6. ఏడ్చినా, మార్కులు వచ్చినా తినుబండారమే బహుమతి కాకూడదు.

ఇప్పటికే లావుగా ఉన్నవారిని పస్తులు ఉంచరాదు. ప్రకటనలు చూసి మందులు వాడరాదు. డాక్టరు గారు మా తమ్ముడి విషయంలో, "బరువు తగ్గించాలని తొందరపడకండి. ఇప్పుడున్న బరువు పెరగకుండా చూస్తే చాలు, ఎత్తు పెరిగేకొద్దీ వాడే సరిపోతాడు" అన్నారు. అన్నిటికన్నా ముఖ్యం, వెక్కిరించకూడదు. ఆ రోజు "డ్రమ్ము" అన్న మాట విన్నాక వాడు వారం రోజులు ఆడుకోవడానికే వెళ్ళలేదు. ఆడకపోతే బరువు ఎలా తగ్గుతుంది?

మొన్న సంక్రాంతికి వెళ్ళి చూశాను. తమ్ముడి బరువు దాదాపు అంతే ఉంది, ఎత్తు మాత్రం పెరిగాడు. పరుగులో ఇంకా చివరే వస్తున్నాడు, కానీ చివరిదాకా పరుగెత్తుతున్నాడు. అమ్మమ్మ కొంగుముడిలో ఇప్పుడు వాడికోసం వేయించిన శనగలు ఉంటున్నాయి.

విద్యార్థి మిత్రులారా! తెల్లవారగానే గంట, వేళకు భోజనం, సాయంత్రం ఆటలు, రాత్రి వేళకు నిద్ర. హాస్టల్లో ఇవి మనకు ఒక్కోసారి విసుగనిపిస్తాయి. కానీ మా తమ్ముడికి డాక్టరు గారు రాసిచ్చిన మందు ఇదే! ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళేటప్పుడు పెట్టెలో బట్టలతోపాటు ఈ అలవాట్లను కూడా తీసుకువెళ్దాం. మన చెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు నేర్పుదాం.

— పదవ తరగతి విద్యార్థిని