టైరు పెరిగితే... పళ్లు మారాలి!
ఆదివారం ఆబిడ్స్‌ ఫుట్‌పాత్‌ మీద పాత పుస్తకాలు చూసుకుని, నుమాయిష్‌ రోజుల్లో నాంపల్లి వైపు జీపు తిప్పారనుకోండి. ఆగడం, కదలడం, మళ్లీ ఆగడం! పెద్ద టైర్లు వేసిన జీపైతే చూడముచ్చటే కానీ, ఆ భారమంతా క్లచ్‌ మీదే.

ఎందుకంటారా? టైరు పెద్దదైతే ప్రతి చుట్టుకీ ఎక్కువ దూరం పోవాలి. ఇంజిను మాత్రం అదే! మందు యాక్సిల్‌లో ఉంది. రెండో ప్రపంచయుద్ధం నాటి విల్లీస్‌ జీపులో పినియన్‌కి 8 పళ్లు, క్రౌన్‌కి 39. అంటే నిష్పత్తి 4.88. 1945లో వచ్చిన సీజే-2ఏలో క్రౌన్‌ పళ్లు 43, నిష్పత్తి 5.38. తేడా పది శాతం. 29 అంగుళాల టైరు తీసి 32 వేసినా తేడా దాదాపు అంతే! అందుకే ఆ సెట్టు వేస్తే పోయిన పికప్‌ తిరిగొస్తుంది. అరవై చూపిస్తూ అరవై ఆరులో పోయే స్పీడోమీటరూ దారికొస్తుంది.

ఖర్చని వెనక యాక్సిల్‌ ఒక్కటే మార్చారో... ఫోర్‌వీల్‌ వేయగానే ముందూ వెనకా చక్రాలు చెరో లెక్కన లాగుతాయి. తారురోడ్డు మీదైతే గేర్లే విరగొచ్చు. రెండూ మార్చాల్సిందే. పళ్ల మధ్య సందు సరిగ్గా కుదర్చగల మేస్త్రీ దొరకడం ఇంకో ఎత్తు. కుదరకపోతే యాక్సిల్‌ కూత పెడుతుంది. బ్రేకులకు మాత్రం ఈ మార్పుతో ఒరిగేదేమీ లేదు. పెద్ద టైరును ఆపాల్సింది ఆ పాత బ్రేకులే!