మెడలో పడింది కంచు, లెక్కలో చేరింది వెండి!

జి.మాడుగుల: 2014 జూలై 25. స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో కామన్వెల్త్ క్రీడలు. ఆడవాళ్ళ వెయిట్ లిఫ్టింగు పోటీలో 53 కిలోల తరగతి ముగిసింది. నైజీరియా పిల్ల చికా అమలహాకు బంగారం, పాపువా న్యూగినీకి చెందిన డికా తౌవాకు వెండి, మన విజయనగరం జిల్లా కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషికి కంచు వచ్చాయి. జెండాలు ఎగిరాయి. ఫొటోలు తీశారు. పత్రికలు 'సంతోషికి కాంస్యం' అని వేశాయి.

వారం తిరిగేసరికి లెక్క మారిపోయింది. అమలహా మూత్రంలో వాడకూడని మందులు బయటపడ్డాయి. ఆమె పతకం రద్దయింది. తౌవాకు బంగారం, సంతోషికి వెండి, నాలుగో స్థానంలో మిగిలిపోయిన మన దేశపు మరో అమ్మాయి స్వాతి సింగుకు కంచు దక్కాయి.

దక్కాయి సరే. జనం లేచి చప్పట్లు కొట్టిన ఆ పూట సంతోషి నిలబడింది మాత్రం మూడో మెట్టు మీద. స్వాతి సింగు అసలు మెట్టే ఎక్కలేదు. దొంగతనం అంటే పతకం ఒక్కటే పోవడం కాదు, ఆ పూట కూడా పోవడం. పతకాన్ని తిరిగి ఇప్పించగలరు గాని, పోయిన పూటను ఏ సంఘమూ తిరిగి ఇప్పించలేదు.

అమలహా ఒంట్లో దొరికినవి అమిలొరైడ్, హైడ్రోక్లోరోథయజైడ్ అనే మందులు. పేర్లు నోరు తిరగవు గాని ఇవేమీ దొంగ సరుకు కాదు. రక్తపోటు ఉన్న పెద్దవాళ్ళకు డాక్టర్లు రాసే మాత్రలే. ఒంట్లోని నీటిని మూత్రంగా బయటకు తోసేస్తాయి. బరువులెత్తేవారికి వీటితో రెండు పనులు జరుగుతాయి. పోటీకి ముందు తూకం వేసేటప్పుడు ఒంటి బరువు తగ్గి కింది తరగతిలో చోటు దొరుకుతుంది. రెండోది, మూత్రం పలచబడి, వాడిన ఇతర మందుల జాడ దొరక్కుండా పోతుంది. అందుకే వీటిని నిషేధించారు. అప్పటికి అమలహా వయసు 16 ఏళ్ళు. అంత చిన్నపిల్ల చేతిలో ఆ మాత్రలు ఎవరు పెట్టారన్నది ఎవరికైనా వచ్చే ప్రశ్నే. అయినా ముందుగా శిక్ష పడేది మింగిన పిల్లకే.

కొండవెలగాడ మనకు పరాయి ఊరేమీ కాదు. కొండ దిగి ఎస్.కోట మీదుగా విజయనగరం చేరి, నెల్లిమర్ల వైపు పోతే వస్తుంది. బరువులెత్తేవాళ్ళ ఊరుగా దానికి పేరు. ఇంకాస్త ముందుకు వెళితే శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. అక్కడి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మగవాళ్ళు ఒలింపిక్స్‌లో బరువులెత్తడం 1896లోనే మొదలయింది. ఆడవాళ్ళను రానిచ్చింది మల్లీశ్వరి గెలిచిన ఆ 2000లోనే. కావిడి మోసినా, కట్టెల మోపు ఎత్తినా ఆడదాని బలం లోకం కంట పడదు. ఇనుప కడ్డీ ఎత్తితే పడడానికి 104 ఏళ్ళు పట్టింది.

సైకిలు పందేల్లోనూ ఇదే తంతు

ఫ్రాన్సు దేశంలో ఏటా జరిగే 'టూర్ డి ఫ్రాన్స్' ప్రపంచంలోకెల్లా పెద్ద సైకిలు పందెం. మూడు వారాలపాటు సాగుతుంది. మన పాడేరు ఘాటు రోడ్డులాంటి ఘాట్లను ఒకే రోజున రెండు మూడు ఎక్కించిన సందర్భాలున్నాయి. 1984లో ఆడవాళ్ళకూ ఈ పందెం పెట్టారు. 18 రోజుల పందేలు తొక్కి అమెరికా అమ్మాయి మారియాన్ మార్టిన్ గెలిచింది. కొన్నేళ్ళకే దాన్ని ఎత్తేశారు. తర్వాత వేరే పేర్లతో చిన్నా చితకా పందేలు నడిచాయి గాని, పాత నిర్వాహకులే మళ్ళీ పూర్తిస్థాయిలో ఆడవాళ్ళ టూర్ పెట్టింది 2022లో. అదీ ఎనిమిది రోజులు! 1984లో 18 రోజులు తొక్కగలిగిన ఆడవాళ్ళు 2022 నాటికి ఎనిమిది రోజులకే అలసిపోతారని ఎవరు లెక్కగట్టారో మరి.

మగవాళ్ళ టూర్‌ను 1999 నుంచి 2005 దాకా వరుసగా ఏడుసార్లు గెలిచిన అమెరికా వీరుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ సంగతి చాలామంది వినే ఉంటారు. మందులు వాడి గెలిచాడని తేలడంతో 2012లో ఆ ఏడు గెలుపులూ కొట్టేశారు. ఆ మందుల్లో ముఖ్యమైనది ఇ.పి.ఓ. అనే ఇంజక్షను. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బుతో డయాలసిస్ చేయించుకునేవారి ఇళ్ళలో దీని సంగతి తెలుస్తుంది. రక్తం తగ్గిపోయిన రోగికి రక్తం పట్టడానికి ఇస్తారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి పొడిపించుకుంటే ఊపిరి ఎక్కువసేపు నిలుస్తుంది. కాని రక్తం చిక్కబడి గుండెకు ముప్పు తెస్తుంది.

2013 జనవరిలో ఆర్మ్‌స్ట్రాంగ్ టెలివిజనులో కూర్చుని తప్పు ఒప్పుకున్నాడు. ప్రపంచమంతా గుడ్లప్పగించి చూసింది. సరిగ్గా అదే వారంలో బ్రిటన్ సైకిలిస్టు నికోల్ కుక్ ఆట నుంచి విరమించుకుంది. 2008లో ఒలింపిక్ బంగారాన్ని, ప్రపంచ చాంపియన్ పదవిని ఒకే ఏడాది గెలిచిన మనిషి ఆమె. పిన్న వయసులో జట్టువాళ్ళు మందులు వాడమని అడిగితే కాదన్నానని, ఆడవాళ్ళ జట్లు జీతాలు ఎగ్గొడితే కోర్టుకెక్కవలసి వచ్చిందని ఆ రోజున చెప్పింది. మోసగాడి ఒప్పుకోలు విన్నవాళ్ళు కోట్లలో ఉంటే, మోసం చేయనన్న ఆమె మాట విన్నవాళ్ళు కొద్దిమందే.

2016లో బెల్జియంలో ఒక అమ్మాయి సైకిలు గొట్టంలో దాచిన మోటారు దొరికింది. ఆమెను ఆరేళ్ళు పోటీల నుంచి వెలివేశారు. ఆడవాళ్ళ సైకిలు పందెం దేశదేశాల పత్రికలకూ ఎక్కింది అప్పుడే. గెలిచినప్పుడు రాని వార్త దొరికినప్పుడు వస్తుంది.

మన దేశంలో మాటేమిటి?

ఏమాటకామాటే చెప్పుకోవాలి, మన ఇల్లూ శుభ్రంగా లేదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మన మహిళా లిఫ్టర్లే ఇద్దరు డోపు పరీక్షలో దొరికారు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ లెక్కల ప్రకారం 2023లో మన దేశంలో పరీక్షించిన 5,606 నమూనాల్లో 213 చెడ్డవని తేలాయి. అయిదు వేలకు పైగా పరీక్షలు చేసిన దేశాల్లో ఇంత ఎక్కువ శాతం మరెక్కడా లేదు. ఆ ఏడాదే సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర పోటీలకు పరీక్షాధికారులు వచ్చారని తెలిసి, మగవాళ్ళ వంద మీటర్ల ఫైనలులో ఒకే ఒక్కడు పరుగెత్తాడు. మిగతావారు కనిపించలేదు.

క్రీడల కోటాలో రైల్వేలోనో, పోలీసు శాఖలోనో ఒక ఉద్యోగం దొరికితే ఇల్లంతా నిలబడుతుంది. ఆ ఆశను చూసే మందులమ్మేవాడు వస్తాడు. జి.మాడుగుల, పాడేరు, చింతపల్లి వైపు ఆశ్రమ పాఠశాలల్లో చదివే ఆడపిల్లలు వాగులు దాటి, గట్టులెక్కి పెరిగినవారు. వారిలో ఎవరైనా జిల్లా దాటి ఆడడానికి వెళితే, ఇంట్లోవాళ్ళకు కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. తెలియక తిన్నా తప్పు తప్పే అన్నది ఈ చట్టం మొదటి సూత్రం.

జ్వరం తగిలితే సెలైన్ పెట్టించడం మనవైపు మామూలే. పోటీలకు వెళ్ళే పిల్లకు మాత్రం 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి నరానికి ఎక్కించడం నిషిద్ధం. ఆసుపత్రిలో వైద్యం కోసమైతేనే మినహాయింపు. మలేరియా మాత్రలకు దోషం లేదు, నిర్భయంగా వాడవచ్చు. ఊళ్ళోకి వచ్చే ఆర్.ఎం.పి. వేసే 'బలం సూది'తోనే చిక్కు. అందులో స్టెరాయిడ్ ఉంటే పోటీ రోజున పట్టుబడుతుంది. కండ పట్టిస్తుందని డబ్బాల్లో అమ్మే పొడుల్లో కొన్నిటిలో చీటీ మీద రాయని సరుకు కలుస్తోంది. జబ్బుకు నిజంగానే నిషేధిత మందు కావలసి వస్తే, డాక్టరు కాగితంతో దరఖాస్తు పెట్టుకుని అనుమతి పొందే వీలుంది.

పరీక్షకు పిలిస్తే భయపడనక్కరలేదు. ఆడపిల్ల మూత్రం ఇచ్చేటప్పుడు దగ్గర ఉండవలసింది ఆడ అధికారే. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్ల వెంట తనవారొకరు ఉండవచ్చు. మూత్రాన్ని రెండు సీసాల్లో పోసి పిల్ల ఎదుటే సీలు వేస్తారు. మొదటి సీసాలో తేడా వస్తే రెండోది తెరిపించమని అడిగే హక్కు ఉంది. ఈ మధ్య వాడిన మందులేమిటో రాయడానికి ఫారంలో చోటు ఉంటుంది. ఆసుపత్రి చీటీలు పారేయకుండా పెట్టెలో దాచుకుంటే, ఆ చోటులో ఏం రాయాలో వెతుక్కోనక్కరలేదు.