బట్టల ఫొటోలు చూపుటకు ఎట్టి టాబ్లెట్ కొనవలెను?

వెనుక బేరమునకు పోవునపుడు మనవారు చీరల మూట భుజమున వేసికొని పోయెడివారు. ఇప్పుడు మూటలో నాలుగు చీరలు, చేతిలో ఒక టాబ్లెట్. తక్కిన నలుబది చీరల ఫొటోలు దానిలో. షోలాపురములో చద్దర్లు, తువ్వాళ్లు నేయించు ఇండ్లయందును, బరంపురము పట్టు నేయువారియందును, మొళకాల్మూరు, కాంచీపురము, సేలము వైపు మనవారియందును ఈ పద్ధతి బాగుగా వ్యాపించినది. ఇండ్లలోని పిల్లలే ఫొటోలు తీయుచున్నారు, చక్కగానే తీయుచున్నారు. చిక్కు అంతయు వానిని చూపు పలకతోనే. ఏది కొనవలెను, ఎంతలో కొనవలెను అని సభ్యులు అడుగుచున్నారు గనుక మాకు తెలిసినంత ఇచ్చట వ్రాయుచున్నాము.

ఇది వేడుక వస్తువు సంగతి కాదు. ఫొటో చూచి షావుకారు ఆర్డరు ఇచ్చును. సరుకు చేరిన పిదప “మీరు చూపిన రంగు ఇది కాదు” అని తిప్పి పంపినచో ఆ నష్టము టాబ్లెట్ అమ్మినవానిది కాదు, మగ్గము మీద కూర్చున్నవానిది. పడుగు ఒకసారి ఎక్కించిన పిమ్మట ఆ పడుగు మీద వచ్చు చీరలన్నిటికి అదే రంగు కదా. కావున మా అభిప్రాయము ముందుగానే చెప్పుచున్నాము. బట్టను ఉన్నదానికంటె అందముగా చూపు పలక మనకు వద్దు. ఉన్నది ఉన్నట్లు చూపునది కావలెను. అట్టిది మిక్కిలి ఖరీదు పెట్టకుండగనే దొరకును.

దుకాణములో మొదట చెప్పునది ప్రాసెసరు వేగము, పిదప ర్యామ్, పిదప పలక వెనుకనున్న కెమెరా. ఇవి ఆటలు ఆడు పిల్లలకు పనికివచ్చును గాని ఫొటో చూపువారికి వీనితో పెద్ద పని లేదు. మన డబ్బు పోవలసినది తెరకు. తెర బాగున్న పలక, వేగము కొంచెము తక్కువైనను, మనకు చాలును.

జాకార్డు గ్రాఫు కాగితము ఎరిగినవారికి తెర సంగతి విప్పి చెప్పనక్కరలేదు. మనము గళ్లలో రంగు నింపి పువ్వు తీయుచున్నాము; తెర కూడ అట్టి గళ్ల కాగితమే. ఒక్కొక్క గడిని పిక్సెల్ అందురు. ప్రతి గడిలోను ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగులుండును. ఆ మూటి హెచ్చుతగ్గులవలననే అన్ని రంగులు పుట్టును. 10.1 అంగుళముల చవక పలకలలో అనేకము 1280కి 800 గళ్లు కలవి, అనగా అంగుళమునకు సుమారు 150 గళ్లు. 11 అంగుళముల పలకలో 1920కి 1200 ఉన్నచో అంగుళమునకు 206. 2021లో వచ్చిన 10.2 అంగుళముల ఐప్యాడ్‌లో 2160కి 1620, అంగుళమునకు 264.

దీనివలన మనకేమి అని అడుగవచ్చును. 46 అంగుళముల పన్నాలో అంగుళమునకు 80 పడుగు పోగులున్న చీర తీసికొందము. మొత్తము 3,680 పోగులు. ఆ పన్నా అంతయు 800 గళ్లలో ఇమిడ్చి చూపవలెనన్నచో ఒక్కొక్క గడి నాలుగు పోగులకు మించి మోయవలెను. 1200 గళ్లలో మూడేసి, 1620 గళ్లలో రెండింటికి కొంచెము మించి. గళ్లు, పోగులు ఇట్లు పొసగనిచోట తెరమీద నీటి అలలవంటి వంకర చారలు పుట్టును. అవి బట్టలో లేవు. కాని చూచువాడు నేతలో లోపమనుకొనును, లేక మరమగ్గపు సరుకేమోయని సందేహించును. సన్నని గళ్ల చీరలకు, చౌకడి తువ్వాళ్లకు ఈ బెడద మరింత ఎక్కువ. అందుచేత అంగుళమునకు 200 గళ్లకు తక్కువైన తెరను ఫొటోలకు కొనవద్దని మా సలహా.

పలక కొలత విషయములో ఒక మోసము వంటిది కలదు. ఎవరును కావలెనని చేయునది కాదు, లెక్కలోనే ఉన్నది. అంగుళములు మూల నుండి మూలకు కొలుతురు. ఫోనుతో తీసిన ఫొటో సాధారణముగా 4కి 3 పాళ్లలో ఉండును. 11 అంగుళముల పలకలు పెక్కు 16కి 10 పాళ్లలో, అనగా సినిమా చూచుటకు అనువుగా, పొడుగుగా చేసినవి. వానిలో మన ఫొటో పెట్టినచో రెండు ప్రక్కల నల్లని చోటు మిగిలి, బొమ్మ సుమారు 7¾ అంగుళముల పొడవు, 5¾ అంగుళములకు కొంచెము మించిన వెడల్పు వచ్చును. 10.2 అంగుళముల ఐప్యాడ్ 4కి 3 పాళ్లది. దానిలో అదే ఫొటో 8 అంగుళములు దాటి పొడవు, 6 అంగుళములు దాటి వెడల్పు. పేరునకు చిన్నదైనను బొమ్మ పెద్దది. 2023లో వచ్చిన వన్‌ప్లస్ ప్యాడ్ గో 11.35 అంగుళములది, 7కి 5 పాళ్లలో, 2408కి 1720 గళ్లతో చేసినది. అది కూడ ఫొటోలకు అనువైన ఆకారమే.

ఇక రంగు. మనకు అసలైన పరీక్ష ఇదే.

తెరలు చూపగల రంగుల పరిధికి ఎస్‌ఆర్‌జీబీ అను కొలబద్ద ఒకటి కలదు. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కంపెనీలు ప్రతిపాదించగా 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైనది. సాధారణ ఫోను ఫొటోలు పెక్కు ఆ పరిధిలోనే ఉండును. ఆ పరిధిని నిండుగా చూపు తెర మనకు చాలును. పీ3 అను ఇంకను పెద్ద పరిధి గల తెరలున్నవి, 2023లో వచ్చిన షావోమీ ప్యాడ్ 6 అట్టిది; మంచిదే గాని, దానికొరకు అప్పు చేయనక్కరలేదు. మరి మిక్కిలి చవక పలకలు మొదటి పరిధినైనను అందుకొనలేవు. వానిలో కుంకుమ రంగు ఇటుక రంగగును, రాణీ రంగు వెలవెలబోవును. ఎంత మంచి తెరలోనైనను నెమలికంఠము వంటి పచ్చ నీలముల నడిమి గాఢపు రంగులు పూర్తిగా రావు. ఆ చీర ఒకటి మూటలో ఉంచుకొని పోవుటయే మేలు. నీలి పడుగు, ఆకుపచ్చ పేకతో నేసిన బట్ట కదలినకొలది రంగు మారును గదా. దానికి ఫొటో చాలదు, పదిక్షణముల వీడియో తీసి ఉంచవలెను. జరీ మెరుపు సంగతియు అంతే.

పలక కొనబోవునపుడు ఇంటినుండి మూడు వస్తువులు తీసికొని పోవలెను. చలువ చేసిన తెల్లబట్ట ముక్క ఒకటి, మనము ఎక్కువగా వాడు రంగులలో అద్దిన నూలు చిలపలు రెండో మూడో, నల్లంచు గల ముదురు మెరూన్ చీర ఒకటి. వీని ఫొటోలు పగటి వెలుతురులో, నీడపట్టున తీసి పెన్‌డ్రైవులోనో ఫోనులోనో ఉంచుకొనవలెను. దుకాణములో మూడు నాలుగు పలకలమీద అవే ఫొటోలు తెరపించి, అసలు వస్తువును ప్రక్కన పెట్టి చూడవలెను. అన్ని పలకలమీదను చిలప రంగు ఒకే తీరున తప్పినచో తప్పు ఫొటోది, మరల తీయవలెను. ఒక పలకమీద సరిపోయి మరొకదానిమీద తప్పినచో తప్పు తెరది. తెల్లబట్ట నీలిమందు ఎక్కువైనట్లు కనబడుచున్నదా, ఆ తెరమీద పసుపు ఆకుపచ్చకు తిరుగును. మెరూన్ ఒడలు, నల్లంచు కలిసిపోయి ఎక్కడ ఒడలు ముగిసినదో తెలియకున్నదా, ఆ తెర ముదురు రంగులకు పనికిరాదు. దుకాణపు దీపముల క్రిందనే గాక గుమ్మము వద్దకు తెచ్చి చూడవలెను. ట్యూబులైటు క్రింద అద్దకము ఒక రంగు, ఎండలో ఒక రంగు కనబడునని మనకు ఒకరు చెప్పవలెనా!

పలకను బల్లమీద పడుకోబెట్టి నాలుగు వైపుల నుండి చూచుట మరువరాదు. షావుకారు ఎదుట కూర్చుండును, ఆయన తమ్ముడో గుమాస్తాయో ప్రక్కన నిలుచుండును. ఇద్దరికి రెండు రంగులు కనబడినచో బేరము ఎట్లు సాగును? ఐపీఎస్ అను జాతి తెరలు ప్రక్కనుండియు రంగు పెద్దగా మారవు. టీఎన్ అను పాతజాతివి మారును. అమోలెడ్ తెరలలో నలుపు నిజమైన నలుపు. కాని కంపెనీ పెట్టి పంపిన అమరికలో రంగులు మితిమీరి ఉండుట కలదు. సెట్టింగులలో వివిడ్ అనునది తీసి నేచురల్ అనునది పెట్టినచో చాలవరకు దారికి వచ్చును.

అమరికల మాట వచ్చినది గనుక, ఏ పలకయైనను కళ్లకు హాయి అని చెప్పు నైట్ లైట్, రీడింగ్ మోడ్, ఐప్యాడ్‌లో ట్రూ టోన్, ఇవన్నియు బేర సమయమున ఆపివేయవలెను. ఇవి తెరను పసుపు చేయును, లేదా గది వెలుతురునుబట్టి మార్చును. వెలుతురును తానుగా తగ్గించు ఆటో బ్రైట్‌నెస్ కూడ ఆపవలెను.

వెలుతురు కొలతను నిట్లు అందురు. దుకాణము లోపలికి 400 నిట్లు చాలును. ఆ ఐప్యాడ్‌లో 500. ఎండలో మాత్రము ఈ ధరల పలకలేవియు పనిచేయవు, నీడకు పోవలసినదే. తెరమీద అతికించుటకు మామూలు గాజు చాలును. మెరుపు తగ్గించు గరుకు రేకులను కొందరు మెచ్చుకొందురు గాని, అవి నేత సన్నదనమును మసక చేయును.

ధరల విషయము. 2023లో వచ్చునప్పటికి వన్‌ప్లస్ ప్యాడ్ గో ధర 19,999 రూపాయలు. 2025లో వచ్చిన ఐప్యాడ్, 128 జీబీది, మన దేశములో 34,900తో మొదలైనది. ఇవి విడుదలనాటి ధరలు. పండుగల అమ్మకములలో తగ్గును, పాత మాదిరులు ఇంకను తగ్గును. శామ్‌సంగ్ ట్యాబ్ ఏ9 ప్లస్, 2023 నాటిది, 11 అంగుళములది, 1920కి 1200 గళ్లు, మెమరీ కార్డు పెట్టుకొను వీలు కలది. మేము చెప్పిన కనీసపు హద్దు అది దాటుచున్నది. దాని తమ్ముడు ట్యాబ్ ఏ9లో గళ్లు 1340కి 800 మాత్రమే. పేర్లు దగ్గరగా ఉండుటచే ఒకటి అడిగి మరొకటి తెచ్చుకొనరాదు.

2021 ఐప్యాడ్‌ను ఆపిల్ కంపెనీ 2024 మే నెలలో నిలిపివేసినది. ఇప్పుడు దొరకునవి వాడినవి, లేక మిగులు సరుకు. వాడినది కొనుట తప్పు కాదు, పెక్కు ఇండ్లకు అదే తగిన దారి. తెర అంచులు పసుపెక్కినవా, తెల్లని బొమ్మ పెట్టినపుడు మరకలున్నవా, బ్యాటరీ గంటసేపు వెలుతురుతో ఎంత దిగినది అని చూచి, పాత యజమాని తన ఖాతాను మన ఎదుటనే తొలగించిన పిదపనే డబ్బు ఇవ్వవలెను. అట్లు తొలగింపని ఐప్యాడ్ గాజుముక్కతో సమానము. అమోలెడ్ తెరగల వాడిన పలకలలో పాత బొమ్మల నీడ నిలిచిపోయి ఉండవచ్చును.

డబ్బు మిగుల్చుకొను చోట్లు కూడ కలవు. ఒక ఫొటో నాలుగు ఎంబీ అనుకొన్నను 500 ఫొటోలు రెండు జీబీలే. 64 జీబీ పలక మనకు ధారాళము. సిమ్ కార్డు వేయు పలకకు ఎక్కువ ధర పెట్టనక్కరలేదు, ఫొటోలు లోపలనే ఉన్నవి గదా. అవసరమైతే ఫోనునుండి హాట్‌స్పాట్ ఇచ్చుకొనవచ్చును. కలము, కీబోర్డు కట్టి అమ్మునవి మనకు కావు. ఆ మిగిలినదానితో ఒక నిలుపుడు కవరు కొనినచో పలక పడకుండ ఉండును.

ఫొటోలను ఫోనునుండి పలకకు వాట్సాప్‌లో మామూలుగా పంపినచో అది వానిని కుదించి సన్నదనము పోగొట్టును. డాక్యుమెంటుగా పంపవలెను, లేక తీగతో ఎక్కించవలెను. చీర మొత్తము కనబడు ఫొటో ఒకటి, కొంగు ఒకటి, అరచేతి వెడల్పు మేర నేత మాత్రమే దగ్గరగా తీసినది ఒకటి, ఈ మూడును ఒకచోట ఉంచవలెను. 46 అంగుళముల పన్నాను 3,000 గళ్ల ఫొటోలో పట్టినపుడు అంగుళమునకు 65 గళ్లే వచ్చును. 80 పోగులు దానిలో విడివిడిగా కనబడవు, వ్రేళ్లతో ఎంత పెద్దది చేసినను కనబడవు. నాలుగు అంగుళముల నేతను దగ్గరగా తీసినపుడే అంగుళమునకు 750 గళ్లు వచ్చి పోగు పోగుగా తెలియును. చేతినేత అని షావుకారుకు నమ్మకము కలుగునది ఆ మూడవ ఫొటోతోనే. ఆల్బముల పేర్లు కొనువారి లిపిలో, మరాఠీ, కన్నడము, తమిళము, ఒడియా, ఏది తగినచో దానిలో పెట్టుట మర్యాద.

ఇన్ని జాగ్రత్తలు పడినను షావుకారు ఆ ఫొటోను పిదప తన ఫోనులో మరల చూచును. ఆ ఫోను తెర మన చేతిలో లేదు. కావున ఆర్డరు వ్రాసికొనునపుడు ఆ రంగు నూలు లేక పట్టు జానెడు కత్తిరించి, కాగితమునకు అంటించి, చీర నంబరు వేసి ఒకటి ఆయనకిచ్చి, జోడుది మనము ఉంచుకొనవలెను. ఆర్డరు చీటీలో “రంగు అంటించిన పోగు ప్రకారము” అని వ్రాయించి సంతకము తీసికొనవలెను.